ఎవరూ పుట్టని ఊళ్ళో బడి

మా బడి ఎత్తేస్తామన్న కాగితం చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు నరసరావుపేటలో మా అమ్మ, "దీన్ని ఏ ఊళ్ళో వేస్తారో గానీ ఆ ఊరి వాళ్ళని దేవుడే కాపాడాలి" అంది. చాలా ఊళ్ళు తిరిగాక, ఏడేళ్ళ కిందట మాచర్ల అవతల, కృష్ణకు దగ్గరగా ఉన్న ఈ చిన్న ఊళ్ళో వేశారు. ఊరంతా నాపరాళ్ళు నిలువుగా పాతిన దడులు, వాటి మధ్య సందులు. బడి అంటే ఒక గది, ఒక వరండా, ఒక వేపచెట్టు. ఐదు తరగతులకూ కలిపి టీచరును నేనొక్కదాన్నే.

కాగితంలో రెండు ముక్కలున్నాయి. మా బడిని వాగు అవతలి ఊరి బడిలో కలపాలన్నది మొదటిది. ఎందుకన్నది రెండోది: ఈ గ్రామంలో గత నాలుగేళ్ళలో జననాలేవీ నమోదు కాలేదు కాబట్టి ముందు ముందు బడిలో చేరే పిల్లలుండరట. ఆ వాక్యం చదువుతుండగానే గోడ పక్క ఇంట్లో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అంతకుముందు ఏళ్ళలో దాని అన్న ఏడ్చి ఊరుకున్నాడు. నేను కాగితం కిందపెట్టి కాసేపు ఆ ఏడుపు విన్నాను. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనేవాళ్ళను చూశాను గానీ, కళ్ళముందు ఆవు ఈనితే దూడే లేదనేవాళ్ళను అప్పుడే చూశాను.

ఊరు చిక్కిపోయిన మాట నిజమే. నేనొచ్చిన ఏడాది బళ్ళో ముప్పై మంది దాకా ఉండేవాళ్ళు. రెండేళ్ళు వరసగా మిరప దెబ్బతింటే కొన్ని కుటుంబాలు పిడుగురాళ్ళ సున్నపుబట్టీలకు వెళ్ళాయి, కొన్ని హైదరాబాదు వెళ్ళాయి. కాస్త కలిగినవాళ్ళు పిల్లల్ని పసుపుపచ్చ వ్యానెక్కించి టౌను కాన్వెంటుకు పంపుతున్నారు. మిగిలింది పదకొండు మంది. చిక్కిపోవడం వేరు, చచ్చిపోవడం వేరు. జ్వరపడి లేచినవాడికి జావ పోస్తాం గానీ కట్టెలు పేర్చం.

ఆ పదకొండు మందిలో ఒక పిల్ల సంగతి చెప్పాలి. నాలుగో తరగతి. మధ్యాహ్నం అన్నం తిని అందరూ ఆటకు పరిగెత్తితే, అది నా బల్ల దగ్గరకొచ్చి మూడో తరగతి పిల్లల పలకలు దిద్దేది. తప్పులకు నాకంటే ఎక్కువ కోప్పడేది. దాని అక్క కూడా ఇలాగే చదివేదని ఊరంతా చెబుతారు. ఐదో తరగతి అయ్యాక వాగు దాటి వెళ్ళాల్సి వచ్చేసరికి చదువు ఆపేసి పత్తితీతకు తీసుకెళ్ళారు. కాగితం సంగతి తెలిసిన సాయంత్రం ఆ పిల్ల తల్లి పొలం నుంచి తిన్నగా బడికి వచ్చింది, తలగుడ్డ కూడా తియ్యలేదు.

"టీచరమ్మా, బడి వాగవతలికి పోద్దంట గదా?"

"పోనివ్వను."

"మీరు పోనీకపోయినా గవర్నమెంటోళ్ళు ఆగుతారా ఏంది? నేనిప్పుడే చెప్తన్నా. నా పిల్లని చప్టా దాటించి పంపను. మొన్న వానలకి ఆ చప్టా మీద బస్సే ఆగిపోయింది. దీన్ని కూడా పత్తికి తీసకపోతా, నా కళ్ళముందన్నా ఉంటది."

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ చప్టా నేనూ దాటాను. వాగులో నీళ్ళు లేని రోజుల్లో అది రోడ్డే. వాన పడితే మోకాలి లోతున ఎర్రనీరు పరుగులు పెడుతుంది, అంచు ఎక్కడుందో తెలియదు. పిల్ల మాత్రం తల్లి వెనకే నిలబడి నన్ను చూస్తోంది, దాని మొహంలో ఏడుపు లేదు. టీచరు ఏం చేస్తుందో చూద్దామన్నట్టు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. భయమేసింది.

కాగితం మీద తప్పు ఎక్కడ జరిగిందో నాకు అర్థం కాలేదు. మండలం ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అక్కడున్న కుర్ర ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. మా ఊరి పేరు మీద జననాల గడి ఖాళీ. మరణాల గడిలో మాత్రం అంకెలున్నాయి. "చూడండి మేడం, మీ ఊళ్ళో పోయేవాళ్ళే గానీ పుట్టేవాళ్ళు లేరు" అన్నాడు. మరి మా బడి పక్కింట్లో ఏడ్చేది ఎవరు బాబూ అంటే నవ్వాడు, సిస్టమ్‌లో లేదు మేడం అన్నాడు. వారంలో తమ ఆఫీసు పెద్దాయన మా ఊరొచ్చి అందరి మాటా విని తేల్చేస్తారని చెప్పి పంపాడు.

ఆ ఆదివారం మా మేనకోడలు ఫోన్ చేసింది. అన్నయ్య కూతురు. నార్వే దేశంలో ఉత్తరం కొసన, మ్యాపులో వేలు పెడితే కాగితం అయిపోయే చోట ఉద్యోగం చేస్తుంది. అక్కడ జనం తగ్గిపోతున్న పల్లెల కోసం సర్కారు ఏం చేస్తే బాగుంటుందో లెక్కలు వేసి చెప్పే పని. దానికి పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఆ పనేమిటో చెప్పలేక మా వదిన చానా అవస్థ పడింది. వీడియోలో దాని వెనక కిటికీ నల్లగా ఉంది. అక్కడ మధ్యాహ్నమేనట, చలికాలం ఆ నెలల్లో అక్కడ పొద్దే పొడవదట.

నా గోడంతా విని, "అత్తా, ఇక్కడా ఇదే పోట్లాట" అంది. పడుచు ఆడపిల్లలు చదువులకని ఆ దేశంలోనే దక్షిణం వైపు వెళ్ళి తిరిగి రారట. ముసలివాళ్ళు, చేపల పడవలు మిగులుతాయట. వచ్చి ఉంటామన్న వాళ్ళకు పన్ను తగ్గిస్తారట, చదువుకోసం చేసిన అప్పులో ఏటా కొంత మాఫీ చేస్తారట. ఉన్నందుకు ఎదురు డబ్బిస్తారా అని ముక్కున వేలేసుకున్నాను. మా దగ్గర ఉన్నవాళ్ళనే వాగులోకి తోస్తుంటే.

"మరి పురుళ్ళు?" అన్నాను. పల్లెల్లో పురుళ్ళు పోసే ఆసుపత్రులు ఎప్పుడో తీసేశారని, నెలలు నిండకముందే పడవలోనో అంబులెన్సులోనో దూరంగా ఉన్న టౌనుకు వెళ్తారని చెప్పింది.

"అయితే పిల్ల టౌను లెక్కలోకి పోతుందిగా?"

"ఎందుకు పోతుంది అత్తా? తల్లి ఏ ఊళ్ళో కాపురముంటే పిల్ల ఆ ఊరి లెక్కే. ఆసుపత్రి ఎక్కడుంటే ఏంటి?"

ఆ మాటతో నాకు మా ఊరి జాతకమంతా తెలిసిపోయింది. పల్నాడులో ఏ ఆడపిల్లయినా తొలిచూలు కాన్పు అత్తవారింట్లో పోసుకుంటుందా? సీమంతమయ్యాక పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాల్సిందే. మలికాన్పుకూ చాలామంది వెళ్తారు. మా ఊరి కోడళ్ళంతా గురజాల వైపో, సత్తెనపల్లి వైపో వెళ్ళి అక్కడ పురుడు పోసుకుని, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను ఎత్తుకుని వస్తారు. మా ఊరి ఆడపడుచులు పురిటికి ఇక్కడికే వస్తారు గానీ, నొప్పులు రాగానే మాచర్ల ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఎక్కడ పుడితే అక్కడే రాస్తారు. ఇక మా ఊళ్ళో ఎవరు పుడతారు? చావులంటారా, వాటికి పుట్టిల్లు లేదు. ఎవరి మంచం మీద వాళ్ళు పోతారు కాబట్టి అవన్నీ మా ఊరి గడిలోనే పడ్డాయి.

"అయితే ఒకటి అత్తా" అంది మేనకోడలు. "ఇక్కడ లెక్క సరిగ్గానే ఉంటుంది. అయినా కొన్ని బళ్ళు మూసేశారు. లెక్క సరైతే బడి నిలుస్తుందనుకోకు."

"సరైన లెక్కతో మూసేస్తే అప్పుడు వాళ్ళతో ఇంకో రకంగా పోట్లాడతాను. తప్పుడు లెక్కతో మూస్తానంటే మాత్రం నేను గాజులు తొడుక్కుని కూర్చోను" అన్నాను. ఆ మాట నోటినుంచి వచ్చాక నా చేతులకున్న అరడజను గాజులు చూసుకుని ఇద్దరం నవ్వాం.

మర్నాడు బడికి వెళ్ళగానే బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టరు తీశాను. ఈ ఏడేళ్ళలో చేరిన ప్రతి పిల్లకూ పుట్టిన ఊరు అన్న గడిలో సర్టిఫికెట్ చూసి నేనే రాశాను. మాచర్ల. గురజాల. దాచేపల్లి. పిడుగురాళ్ళ. ఒకడు ఏకంగా కృష్ణ దాటి వేరే రాష్ట్రంలో పుట్టాడు. మా ఊరి పేరు ఒక్క గడిలోనూ లేదు. అన్నీ గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా, నా చేతిరాతలోనే ఉన్నాయి. ఏడేళ్ళపాటు ఈ ఊళ్ళో ఎవరూ పుట్టరని నేనే రాసి సంతకం చేశాను, ఒక్కసారి కూడా ఆగి ఇదేమిటని అనుకోలేదు. అంతవరకూ ఆఫీసువాళ్ళను తిట్టినదాన్ని, ఆ పూట నన్ను నేను తిట్టుకున్నాను.

తప్పు తెలిసింది గానీ రుజువేదీ? టీకాల కార్డుల మీద కూడా కొన్నిటికి పుట్టింటి ఊళ్ళే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది పెద్దమ్మ. వయసు తనకే తెలియదు, ఊరంతటికీ పెద్దమ్మే. పుట్టింటినుంచి బాలింత చంటిబిడ్డతో వచ్చినప్పుడు గుమ్మంలో నిలబెట్టి ఎర్రనీళ్ళతో దిష్టి తీసేది ఎప్పుడూ ఆమే. ఆమె చెయ్యి మంచిదని నమ్మకం. పసుపు, సున్నం కలిపిన పళ్ళెం లేకుండా ఈ ఊరి ఏ గడపా ఏ పసిపిల్లా తొలిసారి దాటలేదు.

మిరపకల్లం దగ్గర రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్న ఆమె పక్కన కొత్త నోట్‌బుక్కుతో కూర్చున్నాను. సంగతి చెబితే మొదట నమ్మలేదు.

"మనూళ్ళో పిల్లలే లేరన్నారా? ఆడికి కళ్ళు లేవా?"

"కళ్ళున్నాయి, కాగితం లేదు పెద్దమ్మా. నువ్వు ఎవరెవరికి దిష్టి తీశావో చెప్పు, నేను రాసుకుంటాను."

"నేను సదూకున్నానా ఏంది, తేదీలు చెప్పటానికి?"

తేదీలు చెప్పలేదు గానీ అంతకంటే గట్టివి చెప్పింది. ఫలానా కోడలు వచ్చిన రోజు మిరపనారు పోస్తున్నారు. ఇంకొకామె వచ్చినప్పుడు కందికాయలు ఉడకేసుకున్నాం. మరొకామె ఆటో దిగుతుంటే ఉరుముకు బిడ్డ ఉలిక్కిపడింది, అందుకే దానికి రెండుసార్లు దిష్టి తీశాను. ఒక కోడలు మాత్రం రెండో కాన్పుకు పుట్టింటికి పోలేదంది. "ఎందుకు పోలా?" అంటే, "పుట్టింట్లో ఎవరున్నారమ్మా దానికి, అందుకే మాచర్ల తీసకపోయారు" అంది. ఎక్కడైనా తప్పుతుందేమోనని ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి టీకాల కార్డులతో సరిచూశాను. బడిలో మధ్యాహ్నం వంట చేసే అమ్మాయి నాతో తిరిగింది, నాలుగో తరగతి పిల్ల కూడా నోట్‌బుక్కు పట్టుకుని వచ్చింది. పెద్దమ్మ లెక్కలో ఒక్క బిడ్డ కూడా తప్పిపోలేదు. బడి ఈడు రాని పిల్లలు పధ్నాలుగు మంది. నోట్‌బుక్కు అట్ట మీద ఏం రాయాలో తోచక, 'మా ఊరికి వచ్చిన పిల్లలు' అని రాశాను.

పెద్దాయన గురువారం వచ్చారు. చేతిలో ట్యాబు, వెనక ఇద్దరు. నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. వేపచెట్టు కింద బెంచీ వేశాం. ఊళ్ళో మగవాళ్ళు సగంమంది పనులు మానుకుని వచ్చారు. ఆడవాళ్ళు మాత్రం అందరూ వచ్చారు, చంకల్లో పిల్లలతో. ఒకరిద్దరు వ్యానెక్కించే ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళను చూసి నాకు ఆశ్చర్యమేసింది. రేపు కాన్వెంటు ఫీజు పెంచితే మాకూ ఈ బడే గదా టీచరుగారూ అన్నారు, నిజం దాచకుండా.

ఆయన ట్యాబులో చూసి చదివారు. జననాల్లేవు, బడి నడపడం కుదరదు, అవతలి ఊళ్ళో మంచి భవనం, ముగ్గురు టీచర్లు. చెప్పిందంతా నిజమే. నేను నోట్‌బుక్కు ఇచ్చాను. తిరగేసి, "మేడం, ఇది మీరు రాసుకున్నది. ఇలాంటి రిజిస్టరు మాకు లేదు" అన్నారు.

"మీకు లేదు కాబట్టే నేను రాశాను సార్. చదివిస్తాను, మీరే చూసుకోండి" అని నాలుగో తరగతి పిల్లను పిలిచాను.

అది బెంచీ పక్కన నిలబడి నేను రోజూ హాజరు పిలిచినట్టే ఒక్కో పేరూ పిలిచింది. పేరు పిలవగానే ఆ తల్లి బిడ్డను పైకెత్తి "ఉంది", "ఉన్నాడండీ" అని పలికింది. మొదట అందరూ నవ్వారు. నాలుగైదు పేర్లయ్యేసరికి నవ్వు ఆగిపోయింది. ఒక పసివాడు నిద్రపోతుంటే వాళ్ళమ్మ వాణ్ణి అలాగే నిద్రలోనే ఎత్తి చూపించింది. పధ్నాలుగూ అయ్యాక పిల్ల నోట్‌బుక్కు మూసి, "అందరూ హాజరు సార్" అంది. దాని గొంతు వణకలేదు.

ఆయన ఇబ్బందిగా కదిలారు. "పిల్లలున్నారమ్మా, నేను కాదనను. కానీ వీళ్ళు పుట్టింది ఇక్కడ కాదు. రూలు ప్రకారం వీళ్ళు ఆ ఊళ్ళ లెక్కల్లో ఉన్నారు."

అప్పటిదాకా అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ లేచింది.

"అయ్యా, తప్పుగా అనుకోమాక. నువ్వు యాడ పుట్టావు నాయనా?"

"నేనా? మా అమ్మమ్మ గారి ఊళ్ళో."

"మరి నీదే ఊరు?"

ఆయన వాళ్ళ నాన్నగారి ఊరి పేరు చెప్పారు.

"అమ్మమ్మగారూళ్ళో పుట్టినోడివి ఆ ఊరోడివి ఎట్టయ్యావు? మీ ఊళ్ళో మీ నాయన్ని అడిగితే నువ్వు వేరే ఊరి లెక్క అంటాడా? మీ ఊళ్ళో బడి నీకు సదువు చెప్పలేదా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన ట్యాబు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. నోట్‌బుక్కు తీసుకుని మొదటి పేజీనుంచి చివరిదాకా ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నారు. మిరపనారు, కందికాయలు, ఉరుము, అన్నీ. "మా అమ్మ కూడా నన్ను వానలోనే తెచ్చిందట" అని నాతో మాత్రమే మెల్లిగా అని జీపెక్కారు.

పదిహేను రోజులకు కాగితం వచ్చింది. విలీనం ఈ విద్యా సంవత్సరానికి నిలుపుదల, వచ్చే ఏడాది మళ్ళీ పరిశీలన. ఊళ్ళో టపాకాయలు కాలుస్తామంటే నేను వద్దన్నాను. ఏడాదికే ఇచ్చారు, దానికి పండగెందుకు? మన పిల్లల్ని మన పిల్లలని ఒప్పుకున్నందుకు దణ్ణాలు పెట్టాలా? వచ్చే ఏడాది వస్తారు, అప్పుడు కూడా హాజరు పిలుస్తాం. ఆ పై ఏడాదీ పిలుస్తాం. ఇంకో ఏడాదిలో నాకు ఇక్కణ్ణుంచి బదిలీ తప్పదు. వచ్చే టీచరుకు ఈ పోట్లాట కూడా చార్జి లిస్టులో రాసి అప్పగిస్తాను, కుర్చీలూ బీరువాతో పాటు. మేనకోడలికి చెబితే, మీ పెద్దమ్మను ఇక్కడికి పంపించు అత్తా, మా ఆఫీసులో ఇద్దరు ముగ్గుర్ని ఇలాగే నిలదీయించాలి అంది.

నాలుగో తరగతి పిల్ల ఐదులోకి వచ్చింది. వాళ్ళమ్మ ఇంకా మనసు మార్చుకోలేదు, ఆరో తరగతికి చప్టా దాటించనంటోంది. ఇప్పుడా చప్టా ఉన్న చోట వంతెన కోసం అర్జీలు రాయిస్తున్నాను. ఊళ్ళో సంతకాలు పోగు చేసే పని ఆ పిల్లదే. ఎవరైనా సంతకం గజిబిజిగా పెడితే మళ్ళీ పెట్టిస్తుంది.

మొన్న పొద్దున బడి గంట కొట్టేవేళకు గేటు దగ్గర ఆటో ఆగింది. ఆ ఐదో తరగతి పిల్ల పిన్ని, వాళ్ళ బాబాయి భార్య, తొలిచూలు ఆడపిల్లతో సత్తెనపల్లి వైపునుంచి వచ్చింది. ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా బడికే వచ్చారు. వెనక పెద్దమ్మ, చేతిలో ఎర్రనీళ్ళ పళ్ళెం. నేను కంగారుపడ్డాను. పసిగుడ్డును ఎండలో నిలబెట్టారేమిటి, ముందు ఇంటికి తీసుకెళ్ళి దిష్టి తియ్యండి అన్నాను.

పెద్దమ్మ వినిపించుకోలేదు. ఆ పిల్ల అప్పటికే బీరువా తెరిచి నోట్‌బుక్కు తెచ్చి నా బల్ల మీద కొత్త పేజీ తీసి పెట్టింది. కలం మూత తీసి, రాయడానికి తనే కూర్చుంది.

"ఎర్రనీళ్ళు ఎంతసేపమ్మా, తర్వాతైనా తీస్తా" అంది పెద్దమ్మ పళ్ళెం గుమ్మం పక్కన పెడుతూ. "ముందు దీన్ని రాయనియ్యి."